ఇంట్లో తేనెపట్టు పట్టిందా? తీయించే ముందు ఒక్క మాట



పై వీడియోలో మీరు చూసింది నూజివీడు దగ్గర ఒక పాత పెంకుటింటి గోడలో ఉన్న పుట్ట తేనెటీగల పట్టుని పెట్టెలోకి మార్చడం. ఆ వీడియో పెట్టిన దగ్గర్నుంచి ఫోన్లు ఆగట్లేదు. "అన్నా, మా ఇంట్లో కూడా పట్టింది, ఎప్పుడొస్తారు?" "తమ్ముడూ, తీయడానికి ఎంత తీసుకుంటావ్?" "తేనె మాకే ఇచ్చేస్తావుగా?" అందరూ ఇవే అడుగుతున్నారు. "అసలు దాన్ని తీయాలా?" అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

తప్పు మీది కాదు, నా వీడియోది. గోడ పగలగొట్టడం, తుట్టెలు బయటికి తీయడం, రాణిని పట్టుకోవడం చూపిస్తే చూసేవాళ్లకి బాగుంటుంది. "ఏం చేయకండి, వదిలేయండి" అంటే దాన్ని ఎవరు చూస్తారు? అందుకే వీడియోలో చెప్పకుండా వదిలేసింది ఇక్కడ రాస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం నా సంగతి కొంచెం. అగ్రికల్చర్ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేశాను. మామిడి తోట, తోటలో ఖాళీ ఉన్నచోట కాకర, దోస, సొర. అంతా ప్రకృతి వ్యవసాయమే. పక్కన తేనె పెట్టెలు పెంచి అమ్ముతాను, ఇళ్లలో పట్టే పట్టుల్ని మార్చే పని కూడా ఫీజు తీసుకుని చేస్తాను. అంటే "తీయాలి" అంటే నాకు డబ్బులు, "వద్దు" అంటే పెట్రోలు ఖర్చు కూడా రాదు. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇంట్లో పట్టుల విషయంలో మీకు సలహా ఇచ్చే దాదాపు అందరి పరిస్థితీ ఇదే.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఇంటి మీద పట్టిన పట్టుల్లో చాలావాటిని తీయక్కర్లేదు. తీయక తప్పకపోతే ప్రాణంతో తీయాలి, పూర్తిగా తీయాలి. మందు కొట్టడం, కాల్చడం మాత్రం, పొలంలో ప్రకృతి వ్యవసాయం చేసే మనం అసలు చేయకూడదు.

ముందు ఏ ఈగో చూడండి

"తేనెటీగలు" అని అందరం ఒకే మాట అంటాం గానీ, మన ఇళ్ల మీద కనిపించేవి నాలుగు రకాలు. నాలుగింటి పద్ధతీ వేరు.

ఒకటి కొండ తేనెటీగ. నీళ్ల ట్యాంకు కింద, అపార్ట్‌మెంట్ సన్‌షేడ్ కింద, పెద్ద రావిచెట్టు కొమ్మకి ఒకే ఒక్క పెద్ద తుట్టె వేలాడుతూ ఉంటుంది. పైన ఈగలు దుప్పటి కప్పినట్టు ఉంటాయి. ఎవరైనా వాటి జోలికి వెళ్తే అల అలగా ఒళ్లు విదిలిస్తాయి. ఇది పెట్టెలో ఉండదు. ఎవరైనా "కొండ ఈగని పెట్టెలోకి మారుస్తాను" అంటే నమ్మకండి. పూత ఉన్నన్నాళ్లు ఉండి, ఎండలు ముదిరాక తనంతట తానే లేచిపోతుంది. ప్రమాదం ఉన్న ఈగ కూడా ఇదే. రేగితే గుంపుగా వెంటపడుతుంది.

రెండోది పుట్ట తేనెటీగ. చెట్టు తొర్రలో, పాముపుట్టలో, గోడ సందులో, మూసి ఉన్న పాత బీరువాలో, మీటర్ బాక్సులో ఉంటుంది. చీకటి కావాలి దానికి. లోపల పక్కపక్కనే ఐదారు తుట్టెలు కడుతుంది. పెట్టెలో పెంచుకోగలిగిన మన నాటు ఈగ ఇదే.

మూడోది చిన్న జుంటీగ. బాల్కనీ గ్రిల్లుకో, గోరింట కొమ్మకో అరచెయ్యంత తుట్టె ఒక్కటి కడుతుంది. చెయ్యి పెడితే తప్ప ఏమీ అనదు. ఇది కూడా పెట్టెలో ఉండదు.

నాలుగోది ముసురు తేనెటీగ. ఈగ కంటే చిన్నది, నల్లగా ఉంటుంది. గోడ పగుల్లో ఉండి బయటికి మైనంతో చిన్న గొట్టం కడుతుంది. దీనికి కుట్టే ముల్లే పనిచేయదు. దీన్ని చూసి భయపడి సిమెంటు పూసేసిన ఇళ్లు నేనే చూశాను. అయ్యో అనిపిస్తుంది.

ఈ నాలుగింట్లో జుంటీగ, ముసురు ఈగ జోలికి దాదాపు ఎప్పుడూ వెళ్లక్కర్లేదు. పుట్ట ఈగ మనిషి నడిచే దారికి ఎత్తులో, దూరంగా ఉంటే దాన్నీ వదిలేయొచ్చు. ఆలోచించాల్సింది కొండ ఈగ గురించి.

విజయవాడ అపార్ట్‌మెంట్ సంగతి

మూడేళ్ల క్రితం విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు పిలిచారు. మూడో అంతస్తు సన్‌షేడ్ కింద కొండ తేనెటీగల పట్టు, సరిగ్గా కింద బళ్లు పెట్టుకునే చోటు. చలికాలం మొదట్లో వచ్చిందంట. నేను చూసి, "ఎండాకాలం దాకా ఆగండి, అదే పోతుంది. ఈలోపు ఆ బాల్కనీ తలుపు మూసేయండి, ఆ పక్క లైటు ఆర్పేయండి, బళ్లు అవతల పెట్టండి" అన్నాను.

కమిటీలో ఒక పెద్దాయన లేచారు. "బాబూ, నువ్వు చెప్పేది బానే ఉంది. మా మనవడికి ఏమైనా అయితే ఎవరిది బాధ్యత?"

ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. నిజంగా లేదు. కొండ ఈగలు కుట్టి మనుషులు పోయిన వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉంటాం. "ఏం కాదు లెండి" అని నేను అనలేకపోయాను. ఆలోచించుకుని చెప్తామన్నారు. నేను వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత ఎవరో తక్కువకి ఒప్పుకున్నారని రాత్రికి రాత్రి కాగడాలతో కాల్పించేశారు. చీకట్లో రేగిన ఈగలు వెలుతురు ఎక్కడుంటే అక్కడికి పోతాయి. ఆ టైంలో లైటు వెలుగుతున్నది కింద వాచ్‌మన్ గదిలో. ఆయన్ని, ఆయన భార్యని కుట్టాయి. ఆయన రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. తీయించాలని నిర్ణయించినవాళ్లు పై అంతస్తుల్లో తలుపులేసుకుని ఉన్నారు. దెబ్బ తగిలింది మాత్రం కింద గదిలో ఉన్నవాళ్లకి. మనవడి గురించి అడిగిన పెద్దాయన భయం అబద్ధం కాదు. కానీ ఆ భయం తీర్చడానికి చేసిన పనే అసలు ప్రమాదం తెచ్చింది.

ఇంకో సంగతి. కాల్చిన తర్వాత మైనం గీకలేదు. ఆ సీజన్ అయిపోకముందే అదే చోట ఇంకో పట్టు వచ్చి వాలింది. కొండ ఈగలకి ఆ గుర్తు గట్టిది. అదే కుటుంబం పాత చోటికే తిరిగి వస్తుందని జన్యు పరీక్షలతో తేల్చిన పరిశోధన 2000లో నేచర్ పత్రికలో వచ్చింది. మన పెద్దవాళ్లకి పరీక్షలు లేకుండానే తెలుసు. "ఆ మర్రికి ఏటా పడుతుంది" అనేవాళ్లు.

రెండోసారి మళ్లీ నన్నే పిలిచారు. ఈసారి విన్నారు. బాల్కనీ మూశారు, లైటు మార్చారు, బళ్లు జరిపారు, పిల్లలకి చెప్పారు. ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున చూస్తే ఖాళీ తుట్టె వేలాడుతోంది. నేను వెళ్లి తుట్టె తీసి, మైనం మరక లేకుండా గీకి, పైన రంగు వేయించాను. ఆ ఇంట్లో నేను చేసిన పని అంతే. ఎవరికీ ఒక్క కాటు లేదు.

వదిలేయకూడని చోట్లు కూడా ఉన్నాయి

వదిలేయండి అన్నానని అన్నిచోట్లా వదిలేయమని కాదు. మనిషి తర్వాతే ఈగ. బడి వరండాలో, ఆసుపత్రి గుమ్మం మీద, పిల్లలు ఆడుకునే చోట, రోజూ జనం నిలబడే బస్టాప్ మీద కొండ ఈగ పడితే ఎండాకాలం దాకా ఆగండి అని నేను చెప్పను. తేనెటీగ కుట్టితే ఊపిరాడని మనిషి ఇంట్లో ఉన్నా అంతే. పని తెలిసిన మనిషిని పిలవండి. చుట్టూ ఉన్నవాళ్లందరికీ, ముఖ్యంగా కింద గదుల్లో ఉండేవాళ్లకి, ముందే చెప్పండి. వాళ్లకి తెలియకుండా ఆ పని మొదలుపెట్టొద్దు.

అనుకోకుండా రేగితే మాత్రం గుర్తుపెట్టుకోండి. నిలబడి చేతులు విసరొద్దు. ముఖం కప్పుకుని పరిగెత్తి గదిలోకో, కారులోకో వెళ్లి తలుపేసుకోండి. కుట్టిన చోట ముల్లు ఉండిపోతుంది, దాన్ని వెంటనే గోటితో గీకి తీసేయండి. అక్కణ్నుంచి వచ్చే వాసన, అరటిపండు వాసనలా ఉంటుంది, మిగతా ఈగల్ని అక్కడికే పిలుస్తుంది. ముఖం వాచినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా, చాలా చోట్ల కుట్టినా పసుపు, సున్నం అంటూ ఆగొద్దు. నేరుగా ఆసుపత్రికి పోండి.

నేను చంపిన పట్టు

ఇది రాయడం నాకు ఇష్టం లేదు గానీ రాయాలి.

ఈ పని మొదలుపెట్టిన కొత్తలో మా మండలంలోనే ఒక గోడౌన్ గోడలో పుట్ట తేనెటీగల పట్టు తీశాను. సెప్టెంబర్, వానలు. బయట పూత లేదు. గోడౌన్ ఆయన "ఈగలు నువ్వు తీస్కో, తేనె మాది" అన్నాడు. సరే అన్నాను. తేనె తుట్టెలన్నీ ఆయనకిచ్చేసి, పిల్లల తుట్టెలు ఫ్రేములకి కట్టి, ఈగల్ని పెట్టెలో వేసి తోటకి తెచ్చాను. రాణి దొరికింది. వీడియో కూడా తీశాను. "రెస్క్యూ" అని టైటిల్ పెట్టాను.

మరుసటి రెండు రోజులు పనుల్లో పడి పంచదార పాకం పెట్టలేదు. మూడో రోజు పొద్దున పెట్టె తెరిస్తే ఈగ ఒక్కటి లేదు. తుట్టెల్లో పిల్ల పురుగులు చచ్చి ఉన్నాయి, చీమలు పట్టాయి. గూట్లో తిండి లేకపోతే, గొడవ ఎక్కువైతే పుట్ట ఈగ గూడు వదిలి లేచిపోతుంది. వానలో, పూత లేని రోజుల్లో, తేనె లేకుండా ఆ గుంపు ఎక్కడికి పోయి బతుకుతుంది? ఆ గోడలో నాలుగేళ్లుగా ఉన్న పట్టు అంట అది. నేను రక్షించింది ఏమీ లేదు. ఆ వీడియో తర్వాత తీసేశాను.

అప్పట్నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. వానల్లో, పూత లేనప్పుడు ప్రాణం మీదికి వస్తే తప్ప మార్చను. గూటికి సరిపడా తేనె ఈగలకి వదలకుండా ఒక్క తుట్టె కూడా ఎవరికీ ఇవ్వను. దీనివల్ల చాలామంది "అయితే వద్దులే" అని ఫోన్ పెట్టేస్తారు. పెట్టేయనివ్వండి.

తీయాల్సొస్తే పూర్తిగా తీయండి

గోడలో పట్టు ఉంటే చాలామంది చేసేది, కన్నంలోకి స్ప్రే కొట్టి పైన సిమెంటు పూయడం. దానివల్ల ఏమవుతుందో చెప్తాను. ఈగలు చస్తాయి, తేనె లోపలే ఉంటుంది. రెక్కలు ఆడించి గూడు చల్లగా ఉంచే ఈగలు లేవు కాబట్టి ఎండకి మైనం మెత్తబడి తేనె కారుతుంది. గోడకి మరక, లోపల చచ్చిన ఈగల కంపు, తర్వాత చీమలు, బొద్దింకలు, మైనపు పురుగు, ఎలుకలు. ఎక్కడైనా సందు ఉంటే పక్క పట్టుల ఈగలు వచ్చి ఆ మందు తేనెనే ఎత్తుకుపోతాయి. ఒక పట్టుకి కొట్టిన మందు ఊళ్లో మిగతా పట్టులకీ, మీ పెట్టెలకీ చేరుతుంది.

కాబట్టి మార్చడం అంటే గోడ తెరవాలి. ఎండగా ఉన్న రోజు చూసుకుని, కొబ్బరి పీచు, పిడక ముక్కలతో కొంచెం పొగ పెట్టి, తుట్టెలు ఒక్కొక్కటీ కోయాలి. పిల్లల తుట్టె పైభాగం పైకే ఉండేలా ఫ్రేముకి అరటినారతో కట్టాలి. రాణిని పెట్టెలో వేస్తే మిగతావి వాటంతట అవే వస్తాయి. పెట్టె మూతిని పాత కన్నం దగ్గరే సాయంత్రం దాకా ఉంచితే మేతకి పోయినవి కూడా చేరతాయి. చీకటి పడ్డాక మూతి మూసి కనీసం రెండు మూడు కిలోమీటర్ల అవతలికి తీసుకెళ్లాలి. దగ్గర్లోనే పెడితే మేత ఈగలు పాత గోడకే పోతాయి. రాణి గేటు కొన్ని రోజులు ఉంచాలి, పాకం పెట్టాలి, స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాలి. ఇక్కడ గోడలో మైనం అంతా గీకి, కన్నం పూడ్చాలి. కన్నం వదిలేస్తే వచ్చే ఏడాది ఇంకో గుంపు వస్తుంది.

పెట్టె సంగతి ఒకటి. పుట్ట ఈగకి ఇటాలియన్ ఈగల పెద్ద పెట్టె పెట్టకండి. వందేళ్ల క్రితం తిరుచ్చి వైపు ఫాదర్ న్యూటన్ మన దక్షిణాది ఈగ కోసమే చేసిన చిన్న పెట్టె ఉంది. న్యూటన్ పెట్టె అంటే ఇప్పటికీ దొరుకుతుంది.

గోడలో ఉన్నది కూడా నాటు విత్తనమే

"ఊరికే వదిలేయడం దేనికి, పెట్టెలో పెట్టుకుంటే తేనె వస్తుంది కదా" అని అడుగుతారు. 2020లో కేంద్రం తేనెటీగల మిషన్‌కి 500 కోట్లు ప్రకటించినప్పట్నుంచి అందరి నోటా పెట్టెల మాటే. నేనూ పెట్టెలు అమ్ముతాను, కాదనను. కానీ గోడల్లో, తొర్రల్లో ఉన్నవన్నీ పట్టుకొచ్చి పెట్టెలు నింపుకోవడం పెంచడం కాదు, ఏరుకోవడం.

1990ల మొదట్లో శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు దక్షిణాదిలో పుట్ట తేనెటీగల్ని ఊడ్చేసింది. పెట్టెలకి పెట్టెలు ఖాళీ అయ్యాయి. తట్టుకుని బతికిన పట్టుల నుంచే మళ్లీ పెంచుకొచ్చారు. మనం నాటు వరి విత్తనం ఎందుకు దాస్తాం? ఏదో ఒక ఏడాది అదే ఆదుకుంటుందని. ఎవరూ పాకం పెట్టకుండా, మందు వేయకుండా మీ గోడలో నాలుగైదేళ్లు నిలబడిన పట్టు అలాంటి విత్తనమే. ఏటా గుంపులు విడిపోయి చుట్టుపక్కల తొర్రలు నింపేది అదే. మీ సొర పాదుకి, గుమ్మడి పాదుకి వచ్చే ఈగ ఆ గోడలోంచే వస్తోంది. పెట్టె కొనలేని రైతుకి కూడా అది పని చేసి పెడుతుంది.

పొలంలో ఒక నీతి, ఇంట్లో ఒక నీతి

మన వాళ్ల మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉంది. జీవామృతం, ఘనజీవామృతం మీద గంటసేపు మాట్లాడే రైతు ఇంట్లో షెల్ఫు నిండా స్ప్రే డబ్బాలు చూశాను. పొలంలో ఈగ మిత్రపురుగు, ఇంటి సన్‌షేడ్ కింద అదే ఈగ శత్రువా? పొలం నుంచి ఇల్లు రెండు ఫర్లాంగులు. ఈగకి ఆ తేడా తెలియదు.

ఇంకొందరు "కెమికల్ కాదు కదా" అని పట్టు మీద అగ్నిఅస్త్రం కొడుతున్నారు. అందులో పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి ఉంటాయి. పురుగుని చంపడానికి చేసింది ఈగని ఎందుకు వదులుతుంది? కొండ ఈగ మీద కొడితే మీకూ ప్రమాదమే. ఆవు మూత్రంలో కలిపినంత మాత్రాన చంపడం సేవ అయిపోదు.

అలాగే బకెట్లలో తెచ్చి "ఇప్పుడే తీసిన పట్టు తేనె" అని అమ్మేవాళ్ల దగ్గర కొనే ముందు ఆ పట్టు ఎలా తీశారో అడగండి. కాల్చిందైతే కొనకండి. కొనేవాళ్లు ఉన్నంతకాలం కాగడా ఆరదు. కొండ తేనె తీసే గిరిజనులకి ఇప్పుడు నేర్పే పద్ధతి, తేనె ఉన్న తల భాగం మాత్రమే కోసి, పిల్లలున్న కింది భాగం వదిలేయడం. అలా తీస్తే ఈగలు అక్కడే ఉండి మళ్లీ కట్టుకుంటాయి. అలాంటి తేనెకి పది రూపాయలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

చూసి చెప్పడానికి కూడా డబ్బులివ్వండి

చివరిగా నాలాంటి వాళ్ల కోసం, మీ కోసం ఒక మాట. తీసినందుకే డబ్బులిస్తామంటే ప్రతివాడూ "తీయాల్సిందే" అంటాడు. ఇది మనిషి స్వభావం. పశువుల డాక్టరు వచ్చి చూసి "మందు అక్కర్లేదు, తగ్గిపోతుంది" అన్నా ఫీజు ఇస్తాం కదా. ఇదీ అంతే. పోయిన ఏడాది నుంచి నేను "చూసి చెప్పే ఫీజు" పెట్టాను. వదిలేయమన్నా అదే, మార్చమన్నా ముందు అదే. మొదట్లో నవ్వారు. ఇప్పుడు కొందరు ఇస్తున్నారు. ఇచ్చినవాళ్లలో ఎక్కువమందికి నేను చెప్పింది "వదిలేయండి" అనే.

మీ ఇంట్లో పట్టు ఉంటే ముందు ఒక ఫోటో తీయండి, దగ్గరికి పోకుండా. ఏ ఈగో చూసుకోండి. ఎన్నాళ్లుగా ఉందో, ఇప్పటిదాకా ఎవరినైనా కుట్టిందో ఇంట్లో అడగండి. ఎవరినీ కుట్టలేదంటే, ఈ ఒక్క సీజన్ ఆగి చూడండి. కింద కామెంట్లో మీ ఊరు, పట్టు ఉన్న చోటు, ఎన్నేళ్ల నుంచి ఉందో రాయండి. వచ్చే వీడియోలో అలా ఏళ్లుగా మనుషులతో కలిసి బతుకుతున్న పట్టుల్నే చూపిద్దాం అనుకుంటున్నాను. ఆ వీడియోలో గోడ పగలగొట్టడం ఉండదు. అయినా చూడండి.

ఉంటాను మరి.